ఆరు మిల్లీమీటర్లు

పది నోటుకూ ఇరవై నోటుకూ
పొడవులో తేడా ఆరు మిల్లీమీటర్లు.
ఇరవై రెండేళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్న నాకు
ఆ సంగతి చెప్పింది
పల్లీలమ్మే ఓదెలు.

కాజీపేటలో ఎక్కి జమ్మికుంటలో దిగే పాసు నాది.
అతనికి పాసూ లేదు, చూపూ లేదు.
భుజానికి గంప, మెడలో గుడ్డ సంచి,
రైలు ఏ మలుపులో ఎటు ఊగుతుందో
కాళ్లకు ముందే తెలుసు.
నోటు చేతిలో పెడితే
రెండు వేళ్ల నడుమ దూర్చి
కణుపు దగ్గర ఆపి
"ఇరువై. చినిగింది. వేరేది ఇయ్యి" అంటాడు.

నేనేమో నోటు పోవాలనేవాణ్ని.
తడి స్పాంజి మీద అద్ది అద్ది
వేలి కొన పాలిపోయినవాణ్ని.
పత్తి సీజన్‌లో కట్టల మీద కట్టలు,
వాటికి చెమట, జర్దా, దూది నుసి.
సాయంత్రం ఐదొందలు తక్కువొస్తే
నా జేబులోంచి పెట్టి
ఇంట్లో చెప్పకుండా అన్నం తిన్న రోజులున్నాయి.
"ఇంకో పదేళ్లకు నోటే ఉండదు" అని
మీటింగులో పెద్ద సారు అంటే
చప్పట్లు మొదలుపెట్టింది నేనే.

ఓదెలుకు ఖాతా తెరిపించిందీ నేనే.
మెడలో నల్ల గళ్ల అట్ట,
నడుముకు మాట్లాడే డబ్బా.
"పది రూపాయలు అందాయి" అని అది అరవగానే
తల వంచి విని నవ్వాడు:
"మా అవ్వ కన్న గట్టిగ ఒర్రుతాంది సారూ."

మంచే జరిగింది, అబద్ధమెందుకు.
మొన్న చలికాలం పెద్దపల్లి ప్లాట్‌ఫాం మీద
నిద్రలో ఎవడో సంచి కోసుకుపోయాడు.
అందులో సున్నం డబ్బీ, డెబ్బై రూపాయల చిల్లర.
మిగతాదంతా ఖాతాలో భద్రం.
"దొంగను గూడ బ్యాంకుకే రమ్మనుండ్రి" అన్నాడు.

తర్వాత కాలేజీ పిల్లలు నలుగురు
ఆ డబ్బా గొంతును ఫోన్లో పట్టుకుని
"ఇరవై రూపాయలు అందాయి"
"ఇరవై రూపాయలు అందాయి" అని వినిపించి
నాలుగు పొట్లాలతో హసన్‌పర్తిలో దిగిపోయారు.
సాయంత్రం బండిలో లెక్క చూసి చెప్పాను.
చాలాసేపు మాట్లాడలేదు.
"నోటు అబద్ధమాడితే నా వేళ్లకు తెలుస్తది.
గొంతు అబద్ధమాడితే
ఏడ పట్టి చూడాలె సారూ?"

నా దగ్గర జవాబు లేదు.
సర్క్యులర్ ఉంది.

ఉప్పల్ దాటితే సిగ్నల్ పోతుంది.
నిన్న అక్కడే పొట్లం తీసుకుని పది కొట్టాను.
ఫోన్లో సున్నా తిరుగుతూనే ఉంది.
డబ్బా కిక్కురుమనలేదు.
"తినుండ్రి, ఎప్పుడో అప్పుడు మోగుతది."
జమ్మికుంట వచ్చింది, దిగాను.
ఎదురుగా లక్షలు.
వేళ్ల సందున మాత్రం ఆ పదే
సాయంత్రం దాకా తిరిగింది.

ఇవాళ చెప్పాడు:
"మోగింది. పొత్కపల్లి దాటినంక.
పక్కన ఎవ్వలు లేరు.
ఎవలికి చెప్పాల్నో తెల్వక
డబ్బాకే చెప్పిన, సరే అని."

జేబులో వెతికితే ఒక పది దొరికింది.
ఊరికే అతని చేతిలో పెట్టాను.
కొలవలేదు. బొటనవేలితో అంచు తడిమాడు.
"ఎవలో పెన్నుతోని గట్టిగ ఒత్తి రాసిండ్లు.
సదువుండ్రి."
నీలి సిరా, వంకర అక్షరాలు,
మేం కౌంటర్లో పక్కన పడేసే రకం.
"స్వరూపా, శనివారం రా" అని ఉంది.

ఓదెలు ఆ నోటును సంచిలో వేయలేదు.
మడిచి అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాడు.
రెండు బోగీల మధ్య తలుపు దగ్గర ఆగి
ఇటు తిరగకుండానే అన్నాడు:
"వచ్చిందో లేదో మరి."